గాలిలో ఐదు గంటలు.. కడచూపునకు అందని దూరం

రాజంపేట: రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి ప్రాంతాల్లో కువైట్‌తో బంధం లేని వీధి అరుదు. ఇంట్లో పెద్దదిక్కు కన్నుమూసినప్పుడు అక్కడున్న కుమారుడు తలకొరివి పెట్టేందుకు సకాలంలో రాగలడా అన్నది ఈ కుటుంబాలకు పరీక్షగా మారుతోంది. దూరం చూస్తే రాగలడనే అనిపిస్తుంది. ఆచరణలో లెక్క వేరుగా ఉంటోంది.

టికెట్టుపై వేళలు

చెన్నై నుంచి కువైట్‌కు ఆకాశమార్గాన సుమారు 3,780 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి ఐదున్నర గంటల వరకు పడుతుంది. తిరుగు ప్రయాణంలో పడమటి నుంచి వీచే పైగాలుల వల్ల కొంత సమయం కలిసివస్తుంది. అయితే టికెట్టుపై ఉండేవి ఆయా దేశాల స్థానిక వేళలు. కువైట్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఉదయం 6 గంటలకు చెన్నైలో బయల్దేరితే 9 గంటలకే కువైట్ చేరినట్లు కనిపిస్తుంది. అక్కడ రాత్రి 10 గంటలకు ఎక్కినవారు చెన్నైలో దిగేది మరునాడు ఉదయం 5.30 ప్రాంతంలో. ఫ్రీజర్ బాక్సు అద్దెకు తెచ్చి ఎదురుచూసే బంధువులు ఈ తేడాను గమనించి అంత్యక్రియల వేళ నిర్ణయించుకోవాలి.

నేలపైనే అధిక సమయం

విమానాశ్రయానికి మూడు గంటల ముందే చేరుకోవాలి. దిగాక ఇమిగ్రేషన్, సామాను కోసం గంటకు పైగా పడుతుంది. చెన్నై నుంచి రాజంపేటకు రోడ్డు మార్గాన మరో ఐదు గంటలు. వెరసి దాదాపు 15 గంటలు. ఇదీ నేరు విమానంలో సీటు దొరికితేనే. మస్కట్, షార్జాల మీదుగా విమానం మారి రావాల్సి వస్తే నిరీక్షణతో కలిపి రోజు దాటిపోవచ్చు.

అనుమతే అసలు దూరం

ప్రైవేటు సంస్థల్లో పనిచేసే విదేశీయులు దేశం విడిచి వెళ్లేందుకు యజమాని ఆమోదించిన అనుమతిని కువైట్ 2025 జులై 1 నుంచి తప్పనిసరి చేసింది. యజమాని స్పందించడం ఆలస్యమైతే చేతిలో టికెట్టు ఉన్నా ఫలితం ఉండదు. ఇళ్లలో పనిచేసేవారి పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోరాదని అక్కడి 2015 నాటి 68వ నంబరు చట్టం స్పష్టం చేస్తోంది. ఈ సంగతి తెలియనివారు ఆపదవేళ తమ పాస్‌పోర్టు కోసం తామే బతిమాలుకోవాల్సి వస్తుంది.

తిరుపతి విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా లభించింది. అక్కడి నుంచి గల్ఫ్‌కు క్రమం తప్పని సర్వీసు ఉంటే ఈ ప్రాంతవాసులకు రోడ్డు ప్రయాణంలో సుమారు మూడు గంటలు ఆదా అవుతాయి. అనుమతి కోసం పోయే రోజులను మాత్రం ఏ విమానమూ తగ్గించలేదు. కనుక గల్ఫ్ వెళ్లేవారు అత్యవసర సెలవు విషయాన్ని పని ఒప్పందంలోనే రాయించుకోవాలి. పాస్‌పోర్టు తమ వద్దే ఉంచుకోవాలి. యజమాని ఫోన్ నంబరు, చిరునామా ఇంట్లో ఇచ్చి వెళ్లాలి. కబురు అందిన క్షణం నుంచి ప్రతి గంటా విలువైనదే.