హజార్డ్ వేరు, రిస్క్ వేరు

పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో సేఫ్టీ ఆఫీసర్ గడగడా చదివే కాగితంలో రెండు మాటలు ఎప్పుడూ జంటగానే వినిపిస్తాయి: హజార్డ్, రిస్క్. చివర ఆయన "అండర్‌స్టాండ్?" అంటాడు. మనం "ఎస్ సార్" అని సంతకం పెట్టేస్తాం. ఈ వారం ఆ రెండు మాటల సంగతి చూద్దాం. పక్కనే నార్వే వాళ్ల మాటలు కూడా పెట్టి చూద్దాం. నార్వే మనకెందుకంటారా? ఖతార్‌లో మెసయీద్ దగ్గర 2010లో ప్రారంభమైన అల్యూమినియం ఫ్యాక్టరీలో సగం వాటా నార్వే కంపెనీదే. ఓడలను, రిగ్గులను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే డీఎన్‌వీ కూడా 1864లో నార్వేలోనే పుట్టింది. అక్కడి ఇంజనీరు మన సైటుకు వస్తే మాట్లాడే ఇంగ్లిష్ కూడా మనలాగే నేర్చుకున్నదే.

హజార్డ్ అంటే హాని చేయగల వస్తువు, లేదా పరిస్థితి. మూత లేని గొయ్యి హజార్డ్. తోలు ఊడిన కేబుల్ హజార్డ్. రిస్క్ అంటే లెక్క. దానివల్ల దెబ్బ తగిలే అవకాశం ఎంత, తగిలితే ఎంత గట్టిగా తగులుతుంది అన్న లెక్క. గొయ్యి చుట్టూ బారికేడ్ కట్టి లైటు పెడితే గొయ్యి ఎక్కడికీ పోదు, రిస్క్ తగ్గుతుంది. ఎండ కూడా అంతే. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని నిషేధం. దానివల్ల సూర్యుడు చల్లబడడు, మనం ఎండలో నిలబడే గంటలు తగ్గుతాయి.

ఇక నార్వే మాట. ఇంగ్లిష్ వాళ్లు డేంజర్ అని ఒకటి, హజార్డ్ అని ఒకటి విడిగా అంటారు. నార్వేలో రెండింటికీ 'ఫారె' అన్న ఒక్క మాటే. స్పెల్లింగు చూస్తే అచ్చం మన టాక్సీ ఫేర్! అక్కడి కరెంటు స్తంభాల మీద 'లివ్స్‌ఫారె' అని రాసి ఉంటుంది, ప్రాణానికి ముప్పు అని అర్థం. ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ల మీద అరబీలో 'ఖతర్' అని ఉంటుందే, ఆ పనే. (ఆ ఖతర్ నుంచే మన హైదరాబాదోళ్ల ఖతర్నాక్ వచ్చింది. సినిమా బాగుంటే కూడా ఖతర్నాక్ అనడం మాత్రం మన సొంత తెలివి.) ఖచ్చితంగా హజార్డ్ అనే చెప్పాల్సి వస్తే నార్వే వాళ్లు 'ఫారె'కి ఊట అనే మాట కలిపి, ముప్పు ఊరే చోటు అన్నట్టు చెబుతారు. మాకు ఇది ఇంగ్లిష్ మాటకన్నా నచ్చింది. ఊట ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు కదా.

సేఫ్టీకి, సెక్యూరిటీకి కూడా వాళ్లకు ఒకటే మాట, 'సిక్కెర్‌హేత్'. కాబట్టి ఆ దేశపాయన హెల్మెట్ చూపించి సెక్యూరిటీ అన్నాడనుకోండి, గేటు దగ్గరి వాచ్‌మన్ కోసం చూడకండి.

అసలు చిక్కు యాక్సిడెంట్ అనే మాట దగ్గర ఉంది. నార్వేలో దాన్ని 'ఉలుక్కె' అంటారు. లుక్కె అంటే అదృష్టం, ముందున్న 'ఉ' అంటే లేకపోవడం. మనం ప్రమాదం అంటాం. సంస్కృతంలో ప్రమాదం అంటే అజాగ్రత్త, ఏమరుపాటు. అంటే వాళ్ల మాట తప్పును అదృష్టం మీదికి తోస్తుంది, మన మాట మనిషి మీదికి తోస్తుంది. స్కాఫోల్డింగ్ మీంచి పడ్డవాడి గురించి 'పనివాడి నిర్లక్ష్యం' అని రిపోర్టులో రాసినప్పుడు మనలోనే కొందరు "నిజమే, వాడే చూసుకోలేదు" అని తలూపుతాం. కింది పలక సరిగ్గా బిగించి ఉందా అని అడిగేవాళ్లు తక్కువ.

1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో నార్వే వైపు భాగంలో, ఎకోఫిస్క్ చమురు క్షేత్రంలో, అలెగ్జాండర్ కీలాండ్ అనే ప్లాట్‌ఫామ్ తిరగబడింది. అది డ్రిల్లింగ్ చేస్తున్నది కాదు, కార్మికులు ఉండే హాస్టల్. నీటి మీద తేలే లేబర్ క్యాంపు అనుకోండి. డ్యూటీ దిగినవాళ్లు మెస్‌లో, సినిమా హాల్లో ఉన్నారు. మొత్తం 212 మందిలో 123 మంది చనిపోయారు. విచారణ చేసినవాళ్లు అదృష్టం గురించి మాట్లాడలేదు, చనిపోయినవాళ్లను నిందించలేదు. ఒక చిన్న పరికరాన్ని బిగించడానికి గొట్టపు దూలానికి వేసిన 6 మిల్లీమీటర్ల వెల్డింగ్ దగ్గర పుట్టిన పగులును పట్టుకున్నారు. ఆ పగులు పెరిగి దూలం తెగింది, తర్వాత మిగతావి తెగి ఒక కాలు ఊడిపోయింది. మన వెల్డర్ తమ్ముళ్లకు ఆ 6 మిల్లీమీటర్లు అంటే ఎంతో చెప్పనక్కర్లేదు.

ఇంకొక్క మాట, నియర్ మిస్. పైనుంచి స్పానర్ జారి మీ పక్కన జానెడు దూరంలో పడింది. ఇంగ్లిష్ మాట వింటే 'మిస్ అయింది కదా' అనిపిస్తుంది. మనం గండం గడిచిందనుకుని, దేవుడికి దండం పెట్టుకుని పనిలో పడతాం. నార్వే వాళ్లది సూటి మాట: 'నెస్టెన్ ఉలుక్కె', దాదాపు యాక్సిడెంట్. అక్కడ దాన్ని రాసిపెడతారు. ఎందుకంటే స్పానర్ జారిన సందు రేపు కూడా అక్కడే ఉంటుంది, కింద మాత్రం ఇంకొకరు ఉంటారు.

చెబితే జీతం కోస్తారేమో, తోటివాడి మీద చెప్పినట్టవుతుందేమో అన్న భయం మాకు తెలియనిది కాదు. అందుకే మనిషి పేరు ఎత్తకుండా ఊటనే చూపించండి. స్పానర్ ఎవడు జారవిడిచాడన్నది వదిలేసి, పలక అంచుకు అడ్డుచెక్క లేదన్నది చెప్పండి. ఇంగ్లిష్ రాదని ఆగిపోవద్దు. "సార్, నో టో బోర్డ్. హజార్డ్." ఈ నాలుగైదు ముక్కలు చాలు. వీలైతే ఫోన్లో ఫొటో, తేదీ. కొన్ని కంపెనీలు 'స్టాప్ వర్క్' అని కార్డు ఇస్తాయి. మీ జేబులో ఉంటే దాని వెనక ఏం రాసుందో ఈ శుక్రవారం రూములో చదువొచ్చిన వాళ్లతో చదివించుకోండి.