బదరీ వృక్షం కింద ప్రవక్త

కర్మెలు పర్వతం మీద ఆకాశం నుంచి అగ్ని దిగిరావడం కళ్లారా చూసిన ఏలీయా ప్రవక్త, ఆ వెంటనే యెజెబెలు రాణి బెదిరింపుకు భయపడి అరణ్యానికి పారిపోయాడు. బదరీ వృక్షం కింద కూలబడి, ఇక చాలు, చనిపోతానన్నాడు (1 రాజులు 19:4). అంతటి విశ్వాసవీరుడికి ఇంతటి కుంగుబాటా? అయినా దేవుడు అతణ్ణి గద్దించలేదు, నీ విశ్వాసమేమైందని నిలదీయలేదు. నిద్రపోనిచ్చాడు. దూతతో రొట్టె, నీళ్లు పంపాడు. తిన్నాక మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో బాధపడే విశ్వాసుల పట్ల మన సంఘాలకు ఈ దైవనీతి ఉందా? శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మెదడులోను, వెన్నుపాములోను నరాల మీది పొరను దెబ్బతీసే వ్యాధి ఇది. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో దీన్ని వివరంగా నిర్ధారించాడు. సాధారణంగా 20-40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, స్త్రీలలోనే ఎక్కువ. చూపు మసకబారడం, కాళ్లు తడబడడం, చెప్పలేనంత అలసట దీని లక్షణాలు. వీరిలో దాదాపు సగంమంది ఎప్పుడో ఒకప్పుడు తీవ్రమైన కుంగుబాటుకు లోనవుతారు. రోగం వచ్చిందన్న దిగులే కాదు, మెదడుకు జరిగే నష్టమూ అందుకు కారణమే.

వేడికి ఈ లక్షణాలు ఎక్కువవుతాయి. మే నెలలో రేకుల కప్పు కింద ఆరాధనలో కూర్చోలేక ఇంట్లో ఉండిపోయిన సోదరిని, పైకి బాగానే కనిపిస్తోంది కదా అని, 'భక్తి తగ్గిందా?' అంటాం. ఏదో పాపం దాచావంటాం. నేనూ ఒకప్పుడు అలా మాట్లాడినవాణ్ణే. యోబు స్నేహితులూ అదే చేసి దేవుని కోపానికి గురయ్యారు (యోబు 42:7).

కుంగిన మనసు తనకు తాను చేసుకోగల సహాయం కొంత ఉంది. ఓపిక ఉన్న పూటే ముఖ్యమైన పని పెట్టుకోవడం, పెద్ద పనిని చిన్న చిన్న భాగాలు చేసుకోవడం, మధ్యలో విశ్రమించడం, మనసుకు నచ్చిన పని రోజుకొకటైనా చేయడం. ఇంకొకటి, మనసులో మెదిలే మాటను కాగితం మీద రాసి, ఇది నిజమేనా అని పరీక్షించడం. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సలో ఇదొక ముఖ్యభాగం. ఈ వ్యాధిగ్రస్తుల కుంగుబాటును ఆ చికిత్స తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. తానొక్కడినే మిగిలానని ఏలీయా అంటే, దేవుడు ఓదార్పు మాటలతో సరిపెట్టక, మరో 7000 మంది ఉన్నారన్న వాస్తవాన్ని చూపించాడు (19:18). ఇది విశ్వాసానికి విరుద్ధమెలా అవుతుంది?

అయితే స్వయంసహాయమంటే ఒంటరి పోరాటం కాదు. దిగులు వారాల తరబడి వదలకపోతే వైద్యుణ్ణి కలవాలి. మందులు వాడడం అవిశ్వాసం కాదు. చావు తలంపులు వస్తే ఆ క్షణమే ఇంట్లోవారికి చెప్పాలి. ప్రభుత్వ టెలీ-మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఏలీయాకు దేవుడు చివరగా ఎలీషాను తోడిచ్చాడు. సంఘం చేయాల్సిన పని అదే. ఫ్యాను కింద ఒక కుర్చీ, మెట్లెక్కేటప్పుడు ఒక చేయి, రాలేని ఆదివారం తీర్పు లేని ఒక పలకరింపు. బదరీ వృక్షం కింద ఉన్నవారికి ప్రసంగం కన్నా ముందు రొట్టె కావాలి!