ఆకాశంలో సైడుకి ఆపుకోలేం!

ఆదివారం పొద్దున ఎప్పుడైనా అబిడ్స్ వెళ్లారా? షాపుల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. నాకక్కడ ఒకటే పని, పాత కార్ల మ్యాగజైన్లు ఏరుకోవడం. నాకీ పిచ్చి అంటించింది మా బావే. ఇప్పుడాయన కార్ల కుప్ప వైపు చూడటం తగ్గించి, విమానాల పుస్తకాలు వెతుకుతున్నాడు. ఎందుకంటే బేగంపేటలో ఫ్లయింగ్ నేర్చుకుంటున్నాడు.

కార్ల పిచ్చోళ్లలో కొందరు చివరికి విమానం దగ్గర ఎందుకు తేలతారు? ఇదేం కొత్త జబ్బు కాదు. మన దేశంలో మొట్టమొదటి పైలట్ లైసెన్సు 1929 ఫిబ్రవరి 10న జేఆర్‌డీ టాటాకి వచ్చింది. ఆయనకి బుగాటీ కారంటే ప్రాణం. బొంబాయి రోడ్ల మీద ఆ కారు దూకుడు కేసు దాకా వెళ్లింది. లాయర్ జాక్ వికాజీ దగ్గరికి సలహా కోసం పోతే, వాళ్లింటి అమ్మాయి థెల్మా పరిచయమైంది. 1930లో పెళ్లి కూడా అయిపోయింది! 1932 అక్టోబర్ 15న ఆయనే చిన్న పుస్ మాత్ విమానంలో ఉత్తరాల సంచులు వేసుకుని కరాచీ నుంచి బొంబాయి వచ్చారు. యాభై ఏళ్ల తర్వాత, 78 ఏళ్ల వయసులో, అదే ప్రయాణం మళ్లీ చేశారు.

మనకు దగ్గరి మనిషి కావాలంటే అజిత్ కుమార్. పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే. హీరో, రేసర్, పైలట్ లైసెన్సున్న మనిషి. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసుకి ముందు, ప్రాక్టీసులో ఆయన కారు గోడకు కొట్టుకుంది. ఆ తర్వాత తన జట్టు పోర్షే నడపకుండా తప్పుకుని, ఆ స్టీరింగ్ మిగతా డ్రైవర్లకి వదిలేశాడు. ఆ కారు తన క్లాసులో మూడో స్థానంలో వచ్చింది. అభిమానులందరూ ఆ మూడో స్థానం గురించి మాట్లాడారు. మా బావ మాత్రం ‘తప్పుకున్నడు చూడు, అదీ పైలట్ బుద్ధి’ అన్నాడు. అప్పుడు నాకది అర్థం కాలేదు.

బావ మొదటి క్లాసు సంగతి చెబితే మేం పడీపడీ నవ్వాం. సెస్నా విమానాన్ని రన్‌వే వైపు నేల మీద నడిపించాలి. ఈయన అలవాటు కొద్దీ చేతిలో ఉన్నదాన్ని కారు స్టీరింగులా తిప్పాడు. విమానం తిన్నగా పోతూనే ఉంది! నేల మీద దాన్ని తిప్పేది కాళ్లతో. రడ్డర్ పెడల్ తొక్కితే ముందు చక్రం తిరుగుతుంది. అదే పెడల్ పైభాగం నొక్కితే బ్రేకు. పదిహేనేళ్ల డ్రైవింగ్ అనుభవం అక్కడ అడ్డమే వచ్చింది.

ఇంజిన్ దగ్గరికొస్తే మాత్రం కార్లోళ్లకి పండగే. సెస్నా 172 అమ్మకాలు 1956లో మొదలయ్యాయి. ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. ఇంత ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం ప్రపంచంలో ఇంకోటి లేదు. దాంట్లో ఉండేది గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజిన్. ఒక్కో సిలిండర్‌కి రెండేసి ప్లగ్గులు. వాటికి నిప్పురవ్వ అందించే మాగ్నెటోలు కూడా రెండు. వాటికి బ్యాటరీతో పని లేదు. ఒకటి చచ్చినా ఇంకోటి నడిపిస్తుంది. టేకాఫ్‌కి ముందు వాటిని ఒక్కొక్కటిగా ఆపి, ఇంజిన్ వేగం ఎంత పడిపోతుందో చూస్తారు. లెక్క దాటి పడిపోతే ఆ రోజుకి ఎగరడం లేదు. ఇక రెండు ఇంజిన్ల డైమండ్ డీఏ42 అయితే ఇంకా ముచ్చట. దాని ఆస్ట్రో ఇంజిన్‌కి మూలం మెర్సిడెస్ కారు డీజిల్ ఇంజిన్!

ఇంతకీ నా కథకొస్తాను. నాంపల్లిలో అక్కావాళ్లింటి నుంచి తెల్లవారుజామున ఐదింటికి శ్రీశైలం బయల్దేరాలి. బండి నాది. అక్క, నాలుగేళ్ల మేనకోడలు వెనక సీట్లో కూర్చున్నారు. బావ ఎక్కలేదు. ఫోన్ లైటు వేసుకుని కారు చుట్టూ తిరుగుతున్నాడు. విమానం ఎక్కే ముందు రోజూ చేసే పని అది. ఇంధనం, ఆయిలు, టైర్లు, రెక్కల అంచులు అన్నీ చూసుకుంటారు. వెనక ఎడమ టైరు దగ్గర ఆగాడు. పక్కగోడ మీద నిమ్మకాయంత ఉబ్బు.

‘బండి కదలదు రా’ అన్నాడు.

‘గాలి ఫుల్లుగా ఉంది బావా. రెండు వారాల నుంచి అట్లనే ఉంది, ఏం కాలే.’

‘రెండు వారాల నుంచి చూస్తున్నవా? సరే, స్టెప్నీ తియ్యి.’

తీశాను. స్టెప్నీలో గాలి లేదు. ఎప్పుడు చూశానో నాకే గుర్తులేదు.

రూమ్ బుక్ చేశాం, డబ్బులు పోతాయి, పాప ఏడుస్తోంది. నేను గొంతు పెంచాను. మెల్లగా పోదామన్నాను. మధ్యలో తేడా వస్తే సైడుకి ఆపుకుందామన్నాను. బావ గొంతు పెంచలేదు. ‘పైన సైడు ఉండదు రా. అందుకే కిందనే ఆగుడు నేర్పిస్తరు’ అన్నాడు. నేను అలిగి తాళాలు అక్కడ పడేసి, నడుచుకుంటూ నాంపల్లి స్టేషన్ దాకా వెళ్లి చాయ్ తాగాను.

పది గంటలకి టైరు షాపు తెరిచారు. టైరు విప్పి, లోపలి వైపు చూపించాడు షాపాయన. ఉబ్బు ఉన్నచోట దారాలు తెగిపోయి ఉన్నాయి. పైన రబ్బరు పొర ఒక్కటే గాలిని ఆపుతోంది. ‘ఎప్పుడైనా పేలేది అన్నా’ అన్నాడు మామూలుగా, చెయ్యి తుడుచుకుంటూ. నల్లమల ఘాట్ రోడ్డూ, వెనక సీట్లో పాపా కళ్ల ముందు మెదిలారు. ఆ రోజు బావతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. అజిత్ గురించి ఆయనన్న మాట మాత్రం అప్పుడు అర్థమైంది.

నుమాయిష్‌లో మౌత్ కా కువా చూసినవాళ్లకి తెలుసు. గోడ మీద కారు అడ్డంగా తిరుగుతుంటే ఈలలేస్తాం. విమానంలోనూ ఆ మజా ఉంది. 60 డిగ్రీలు వాలి, ఎత్తు తగ్గకుండా తిరిగితే మన బరువు రెట్టింపైనట్టు ఉంటుంది. కానీ ఆ ఒక్క మలుపు కోసం కింద ఎంత చూసుకుంటారో ఎవరూ రీల్ తీయరు.

మీక్కూడా ఎగరాలనుందా? మన దేశంలో స్టూడెంట్ పైలట్ లైసెన్సుకి 16 ఏళ్లు నిండాలి. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి 17 ఏళ్లు, కనీసం 40 గంటల ఫ్లయింగ్, మెడికల్ పరీక్ష, రాతపరీక్షలు ఉంటాయి. ఖర్చు లక్షల్లోనే. కానీ బండి చుట్టూ ఒక్క రౌండు తిరగడానికి పైసా ఖర్చు లేదు, లైసెన్సూ అక్కర్లేదు.

పోయిన ఆదివారం అబిడ్స్‌లో పాత కార్ల మ్యాగజైన్లు మూడు దొరికాయి. మురిసిపోతూ కారు డోర్ తీయబోయాను. వెనక నుంచి బావ అడిగాడు: ‘రేయ్, స్టెప్నీ చూసినవా?’

చూశాను బావా. పొద్దున్నే చూశాను.