రోగానికి లేని సరిహద్దు టీకాకెందుకు?

ఆంధ్రలో దీని పేరు కొక్కెర తెగులు. హోసూరు, కృష్ణగిరి వైపు తమిళంలో వెళ్లై కళిచ్చల్, అంటే తెల్ల పారుడు. కన్నడంలో కొక్కరె రోగ. పశువుల డాక్టరు రాసే పేరు రాణిఖేత్. పేర్లు ఎన్నయినా వైరస్ ఒక్కటే. టీకా పడని పెరట్లోకి ఇది దూరితే నాలుగు రోజుల్లో గంప ఖాళీ.

సరిహద్దు పల్లెల్లో నాటుకోడి ఆడవాళ్ల చేతి డబ్బు. పిల్లల ఫీజుకో, పండక్కో, ఆస్పత్రి ఖర్చుకో అమ్ముకునే ఆస్తి అది. పెద్ద ఫారాల్లో తేదీలు రాసుకుని టీకాలు వేస్తారు. పెరటి కోడి దగ్గరికొచ్చేసరికి 'రోగమొస్తే చూద్దాంలే' అంటారు. వచ్చాక చూడ్డానికేమీ ఉండదు. ఈ వైరస్‌ను చంపే మందు లేదు.

కత్తి కోడిదే

ఇంత చిన్న వైరస్‌కు అంత బలం ఎక్కడిది? 1926లో జావాలోను, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లోను, మరుసటి ఏడాది మన రాణిఖేత్‌లోను బయటపడ్డ ఈ వైరస్‌కున్నవి ఆరే జన్యువులు. వాటి నుంచి తయారయ్యే ప్రోటీన్లలో హెచ్‌ఎన్ అనేది కోడి కణాన్ని పట్టుకుంటుంది. ఎఫ్ అనేది వైరస్ పొరను కణం పొరతో కలిపి లోపలికి దారి తీస్తుంది. అయితే ఎఫ్ ప్రోటీన్ రెండు ముక్కలుగా తెగితేనే పని చేస్తుంది. దాన్ని కోసేది కోడి ఒంట్లోని ఎంజైములే!

మెతక వైరస్‌లో ఆ తెగేచోటును కోయగల ఎంజైములు ఊపిరి గొట్టాల్లో, పేగుల్లోనే ఉంటాయి. కాబట్టి అది అక్కడే ఆగిపోతుంది. ప్రాణం తీసే రకంలో ఆ చోట ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు గుంపుగా ఉంటాయి. దాన్ని ఫ్యూరిన్ అనే ఎంజైము కోస్తుంది. ఫ్యూరిన్ దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. ఇక వైరస్ మెదడు దాకా పాకుతుంది, కోడి మెడ తిరిగిపోతుంది. దీనికి తోడు 'వి' అనే మరో ప్రోటీన్ కోడి తొలి రక్షణ అయిన ఇంటర్‌ఫెరాన్‌ను అణచేస్తుంది.

మెతకగా ఉన్నది ఎప్పుడూ మెతకగానే ఉంటుందన్న భరోసా కూడా లేదు. 1998లో ఆస్ట్రేలియాలో, అక్కడి ఫారాల్లో తిరుగుతున్న మెతక వైరస్సే ఆ తెగేచోట కొద్ది మార్పులతో ప్రాణాంతకంగా మారింది.

ఏ టీకా ఎవరికి?

ఈ లెక్క తెలిస్తే టీకా సంగతీ తెలుస్తుంది. పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క వేసే లాసోటా మెతక రకం. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత సూదితో వేసే ఆర్‌టుబి ఘాటు రకం. దాని ఎఫ్ ప్రోటీన్ తెగేచోటు ప్రాణాంతక రకానిలాగే ఉంటుంది. మిగతా ప్రోటీన్ల తేడా వల్ల ఎదిగిన కోడి దాన్ని తట్టుకుంటుంది, చిన్న పిల్ల తట్టుకోలేదు. వరస తప్పితే టీకాయే చేటు చేస్తుంది.

ఈ మాట పెంచేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. తమిళనాడు, కర్ణాటకల్లో ఉన్నప్పుడు అక్కడి భాషలో చదువుకోవచ్చు కదా అని అడగొచ్చు. పిల్లలు చదువుతారు. కోళ్లు సాకే అవ్వలు మాత్రం ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చాలామందికి ఏ లిపీ రాదు. వాళ్లకు కరపత్రం కాదు, తెలుగులో మైకు ప్రచారం కావాలి.

రెండోది సంత. కోడి ముడుచుకోగానే ఉన్నవన్నీ అమ్మేసే అలవాటు ఉంది. కష్టం అర్థం చేసుకోదగిందే. నష్టపరిహారం లేనప్పుడు పేదవాళ్లు చేసేదేముంది? కానీ ఆ కోడి సంతలో సరిహద్దు దాటి మరో పది పెరళ్లకు రోగం మోసుకెళ్తుంది.

కాబట్టి టీకా తేదీలు జిల్లా మ్యాపును బట్టి కాదు, సంతను బట్టి పెట్టాలి. ఒకే సంతకు కోళ్లు తెచ్చే ఊళ్లన్నిటికీ, అవి ఏ రాష్ట్రంలో ఉన్నా, ఒకే వారంలో టీకా పడాలి. తమిళనాడులో పెరటి కోళ్లకు ఉచిత టీకా శిబిరాలు పెడుతూనే ఉన్నారు. చెక్‌పోస్టుకు ఇవతల, అవతల ఉన్న పశువైద్యాధికారులు కలిసి తేదీ ఖాయం చేసుకోవడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఒక్క ఫోను చాలు.