ఒక్క 'ఎ'తో ఎంత తేడా!

ఒక ఉద్యోగి గురించి పై అధికారి 'హి హ్యాజ్ ఫ్యూ ఫాల్ట్స్' అని రాశారనుకోండి. అది మెచ్చుకోలు. అతనిలో లోపాలు పెద్దగా లేవని అర్థం. అదే 'హి హ్యాజ్ ఎ ఫ్యూ ఫాల్ట్స్' అని రాస్తే? కొన్ని లోపాలున్నాయని చెప్పినట్టు. చిన్న 'ఎ' చేరేసరికి మెచ్చుకోలు కాస్తా ఫిర్యాదైపోయింది!

'ఫ్యూ', 'ఎ ఫ్యూ' రెండింటికీ మనం 'కొన్ని, కొద్దిమంది' అనే రాసుకుంటాం. చిక్కు అక్కడే వస్తుంది. నిజానికి ఈ తేడా తెలుగులోనూ ఉంది. 'పెళ్లికి కొద్దిమంది వచ్చారు' అంటే వచ్చినవాళ్ల గురించి చెబుతున్నాం. 'కొద్దిమందే వచ్చారు' అంటే రానివాళ్ల గురించి బాధపడుతున్నాం. మొదటిది 'ఎ ఫ్యూ', రెండోది 'ఫ్యూ'. మనం చివర 'ఏ' చేర్చి చెప్పేదాన్ని ఇంగ్లిష్‌వాళ్లు ముందున్న 'ఎ' తీసేసి చెబుతారు. ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు.

ఈ రెండూ లెక్కపెట్టగలిగేవాటికే వాడాలి. తర్వాత వచ్చే నామవాచకం బహువచనంలో ఉండాలి: ఎ ఫ్యూ బుక్స్, ఎ ఫ్యూ డేస్. పాలు, సమయం, ఆశ లాంటి లెక్కపెట్టలేని వాటికైతే 'లిటిల్', 'ఎ లిటిల్' వాడాలి. రూపాయలను లెక్కపెడతాం కాబట్టి 'ఎ ఫ్యూ రుపీస్' అనాలి. 'మనీ'కి మాత్రం 'ఎ లిటిల్ మనీ'యే. డాక్టరు 'దేర్ ఈజ్ ఎ లిటిల్ హోప్' అంటే ఇంకా కాస్త ఆశ ఉందని. 'దేర్ ఈజ్ లిటిల్ హోప్' అంటే దాదాపు లేదని. ఇలాంటిచోట 'ఎ' వినపడిందో లేదో జాగ్రత్తగా గమనించాలి.

కొన్ని మెలికలు కూడా ఉన్నాయి. 'క్వైట్ ఎ ఫ్యూ' అంటే కొద్ది కాదు, చాలానే అని. 'ఓన్లీ ఎ ఫ్యూ' అంటే 'ఎ' ఉన్నా కొన్నే అని. 'వెరీ ఎ ఫ్యూ' అనకూడదు, 'వెరీ ఫ్యూ' అనాలి. ఒట్టి 'ఫ్యూ' కాస్త పుస్తకాల భాషలా ఉంటుంది. మాటల్లో 'నాట్ మెనీ' అంటే సహజంగా ఉంటుంది.

'ద ఫ్యూ' అంటే 'ఆ కొద్దిమందీ' అని. 1940లో జర్మనీ విమానదాడుల నుంచి బ్రిటన్‌ను కాపాడిన సుమారు 3,000 మంది వైమానికులకు ఆ పేరే స్థిరపడింది. ఆ ఏడాది ఆగస్టు 20న పార్లమెంటులో ప్రధాని చర్చిల్ వారిని కొనియాడుతూ 'ఫ్యూ' అనే మాట వాడారు.

ఇప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి ఈ ఖాళీలు పూరించండి.

1. ఐ హ్యావ్ ...... ఫ్రెండ్స్ హియర్, సో ఐ ఫీల్ లోన్లీ.
2. దేర్ ఈజ్ ...... మిల్క్ లెఫ్ట్. వి కెన్ మేక్ టీ.
3. ప్లీజ్ వెయిట్ ...... మినిట్స్.

జవాబులు: 1. ఫ్యూ 2. ఎ లిటిల్ 3. ఎ ఫ్యూ