గుట్ట తోటకు చిన్న ట్రాక్టర్

అనంతపురం అంటే ఒకప్పుడు వేరుశనగ చేలే. ఇప్పుడు చీనీ, మామిడి, దానిమ్మ తోటలు గుట్టల అంచుల దాకా పాకాయి. కొమ్మల కింద దూరే చిన్న ట్రాక్టర్‌కు గిరాకీ పెరిగింది అందుకే. ఈ సంచిక దాని మీదే.

అందరూ మొదట అడిగేది హార్స్‌పవర్. మేం మాత్రం చక్రాల ఎడం ముందు చూడమంటాం. సాళ్ల మధ్య ఇరుకు బండి సుఖమే, కానీ వాలులో త్వరగా బోల్తా పడేదీ అదే. ఎడం మార్చుకునే వీలు, నాలుగు చక్రాల లాగుడు, డ్రైవరు వెనుక రక్షణ కమ్మీ, సీటు బెల్టు లేని బండిని గుట్ట పొలానికి కొనొద్దు. బరువూ చూడండి. మనవి పలచటి ఎర్రనేలలు. బండి బరువుకు అవి అణిగి గట్టిపడితే ఏడాదికి కురిసే 500-550 మిల్లీమీటర్ల వానా ఇంకదు.

గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. బయానా ఇచ్చేముందు ఒకసారి అక్కడ అడిగి రండి.