రంగు పోయినంత సులువుగా రోగం పోదు

కెమిస్ట్రీ లెక్చరరుగా ఉన్నన్నాళ్లూ ఏటా కార్తీకంలో, ఉసిరికాయలు వచ్చే రోజుల్లో, పిల్లల చేత ఒక ప్రయోగం చేయించేదాన్ని. మిథనాల్‌లో డీపీపీహెచ్ అనే పొడి కలిపితే వంకాయ రంగు ద్రావణం తయారవుతుంది. అందులో నాలుగు చుక్కల ఉసిరి రసం వేస్తే, చూస్తుండగానే పసుపుపచ్చగా మారిపోతుంది. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ వంకాయ రంగు ఒక ఫ్రీ రాడికల్‌ది. ఉసిరిలోని యాంటీఆక్సిడెంట్లు దాని ఆవేశాన్ని చల్లార్చాయన్నమాట. మునగాకు రసం వేసినా అంతే, టీ డికాక్షన్ వేసినా అంతే.

ఇప్పుడు ఆ చప్పట్లే సీసాల్లో పోసి అమ్ముతున్నారు.

మొన్న మా తమ్ముడొచ్చాడు. మందుల సంచీలో రక్తం పలచబడే మాత్రల పక్కన పసుపు క్యాప్సూళ్ల సీసా ఉంది. పొద్దున పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం కారింది. "డాక్టరుకు ఈ క్యాప్సూళ్ల సంగతి చెప్పావా?" అన్నాను. "ఆయన అడగలేదు. అయినా పసుపే కదక్కా!" అన్నాడు.

మాది దుగ్గిరాల. పసుపు యార్డు వాసనలో పెరిగినదాన్ని, పసుపును ఆడిపోసుకుంటానా? కానీ కూరలో వేసిన చిటికెడు వేరు, క్యాప్సూల్‌లో కూరిన సారం వేరు. పసుపులోని కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది బహు కొద్ది. అందుకే చాలా క్యాప్సూళ్లలో మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతారు. దాన్ని జోడిస్తే కర్క్యుమిన్ 20 రెట్లు ఎక్కువగా ఒంటికి అందుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అదే పైపరిన్ వేరే మందులను కాలేయం విరగ్గొట్టకుండా కూడా అడ్డుపడగలదు. అప్పుడు వేసుకున్న మాత్ర మోతాదు మించినట్టు పనిచేస్తుంది.

పరీక్షనాళికలో గెలిచింది ఒంట్లోనూ గెలవాలని లేదు. మునగాకులోనూ, క్యారెట్‌లోనూ ఉండే బీటా కెరోటిన్‌నే మాత్రగా చేసి ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. 29,133 మందితో జరిగిన ఆ పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా, ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో 18 శాతం పెరిగింది. ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. బ్యాక్టీరియాను చంపడానికి మన తెల్ల రక్తకణాలు వాడే ఆయుధాలు కూడా అవే. మితిమీరినవాటి పని పట్టే ఏర్పాటూ ఒంట్లోనే ఉంది. దెబ్బ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుస్సున పొంగే నురుగు, కెటలేజ్ అనే మన ఎంజైమ్ చేసే పనే. ఇదంతా నేను క్లాసులో చెప్పి ఉండాల్సింది. చప్పట్ల దగ్గరే ఆపేశాను.

నేను కోరేది రెండే. మూలికా క్యాప్సూల్ సీసా మీద, ఏయే మందులతో కలిపి వాడకూడదో తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. బీపీ, షుగర్ అడిగినట్టే డాక్టర్లు "పొడులూ పసరులూ ఏమైనా వాడుతున్నారా?" అనీ అడగాలి.

ఆషాఢంలో మునగాకు పప్పు తినండి, కార్తీకంలో ఉసిరి పచ్చడి తినండి. ఎక్కువైతే నాలుకే చాలంటుంది. క్యాప్సూల్ నాలుకకు తెలియకుండా గొంతు దిగిపోతుంది.

మా తమ్ముడు ఆ పూటే ప్రిస్క్రిప్షన్ వెనక "పసుపు క్యాప్సూల్, రోజుకు రెండు" అని రాసుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. సీసా కూడా పట్టుకెళ్లమన్నాను.